క్యాసెట్లో లేని పద్యం

మాఘమాసం ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. నంద్యాలలో మా వంటింట్లో నిలబడి బియ్యం కడుగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, బాగున్నావా అన్న మాట లేదు. మావాళ్ళ తీరే అంత.

"అక్కా, నాయన పద్యం నీకొస్తాదా?"

"యా పద్యం?"

"యా పద్యమేందక్కా! క్యాసెట్లో లేని పద్యం."

కడుగునీళ్ళతో పాటు పిడికెడు బియ్యం కూడా తొట్టిలోకి జారిపోయింది.

"ఈ తూరి తిరునాళ్ళకు ఊళ్ళో నాటకం ఆడతాండాం. రాజు ఏషం నాదే. నాయన పద్యం పాడకుండా నేను స్టేజి దిగేది లేదు. రాసి పంపు, తొందరగా."

"వస్తాదిలే, పంపిస్తా" అన్నాను. అనేసి, పొయ్యి మంట తగ్గించి, ఎవరూ లేరు కదా అని పెదవుల మీదే పాడుకున్నాను.

ఏల కన్నీరు? దారిలో నేల చల్ల
నైన పూట నే వచ్చెద నలసిపోక;
తలుపు మూయక, దీపంబు తగ్గనీక...

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. మళ్ళీ అక్కడే ఆగింది. తేటగీతికి నాలుగు పాదాలు. నా దగ్గర మూడే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆ పద్యం నాకు వచ్చు అనుకుంటూనే బతికాను.

ఆ రోజు నుంచి నా ఒంట్లో కుదురు లేదు. నాయన పోయినప్పటినుంచి నాకు నిద్ర ఎలాగూ పలచన. చిన్న చప్పుడైతే చాలు, లేచి తలుపు గడియ చూసి వస్తాను. ఇప్పుడు దానికి ఈ పద్యం తోడైంది. నాలుగో కోడు లేని మంచం మీద పడుకున్నట్టుంది నా పని. ఎటు ఒరిగినా కింద పడతానేమో అన్నట్టు.

ఆ క్యాసెట్టు సంగతి కొంచెం చెప్పాలి.

మావైపు నాటకం అంటే ఒక్కటే. దాని పేరు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రాజ్యం పోగొట్టుకున్న రాజు, అతని వెంట నడిచిన రాణి, నడుమ విడిపోవడం, చివరికి కలుసుకోవడం. మాది ఆళ్ళగడ్డకూ అహోబిలానికీ మధ్య చిన్న పల్లె. స్వామి తిరునాళ్ళకు ఆ నాటకం ఆడడం మా ఊరి ఆనవాయితీ. సేద్యం చేసుకునే మా నాయన రాజు. వడ్లమిల్లులో పనిచేసే ఒకాయన రాణి. ఆయనను ఊరంతా రాణి మామ అనేవారు. ఆయన పెళ్ళాం కూడా అలాగే పిలిచేదని చెప్పుకొని నవ్వేవాళ్ళు.

నేను బడికి పోలేదు. బడి వంక అవతల ఉండేది. వానాకాలం వంక పొంగితే ఎద్దులే దిగడానికి జంకేవి. "పిల్లను పంపేది లేదు" అని మా అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. నాయన ఆమెతో వాదించలేదు. ఆళ్ళగడ్డ పోయి పలక తెచ్చాడు. పొలం పని అయ్యాక, మోటారు దగ్గర కాళ్ళు కడుక్కొని, నా పక్కన కూర్చొని నాటకం పద్యాలతోనే చదువు మొదలుపెట్టాడు. "నేను యాడ గొంతు లాగుతానో ఆడ దీర్ఘం పెట్టు పాపా" అనేవాడు. నాకు దీర్ఘాలు అట్లా వచ్చాయి. గురువులూ లఘువులూ ఏమిటో తెలియకముందే నా వేళ్ళకు వాటి లెక్క తెలిసింది. దేవుడు నాకు బడి ఇవ్వలేదు కానీ నాయనను ఇచ్చాడు. దానికి ఆ దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ మూడు పాదాల పద్యం నాటకం పుస్తకంలో లేదు. అహోబిలం నుంచి వచ్చి వంక అవతలి బడిలో చదువు చెప్పిన అయ్యవారు ఒకాయన నాయన గొంతు చూసి ముచ్చటపడి కట్టి ఇచ్చాడు. రాజు రాణిని అడవిలో ఒక ముసలమ్మ ఇంట వదిలి పోయే చోట అది పాడాలి. అయ్యవారు నోటితో చెప్పాడు, నాయన నోటికి పట్టాడు. కాగితం మీద పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. స్టేజి మీద నాయన మూడో పాదం చివర "తగ్గనీక" అని రాగం ఎత్తుకుంటే ఈలలు, చప్పట్లు, "ఒన్స్‌మోర్" అని కేకలు. నాలుగో పాదం ఆ గోలలో మునిగిపోయేది. ఇంట్లో పాడుకునేటప్పుడూ అంతే. రాగం దగ్గరికి వచ్చేసరికి దాంట్లోనే ఉండిపోయి, పద్యం సంగతి మరిచేవాడు. నాకు మూడే ఎందుకు వచ్చాయో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. అప్పుడు చివరిది లేదన్న సంగతే తోచలేదు.

అట్లాంటి రోజుల్లో క్యాసెట్టు వచ్చింది.

మూడు క్యాసెట్ల సెట్టు అది. అట్ట మీద కిరీటం పెట్టుకున్న రాజు. పెద్ద ఊళ్ళలో పేరు పడ్డ నటులందరినీ ఒకచోట కూర్చోబెట్టి నాటకాన్ని మొదటినుంచి చివరిదాకా రికార్డు చేశారు. ఎవరి నోట విన్నా అదే. నంద్యాల బస్టాండులో పాటల అంగడివాడు పొద్దున పెడితే సాయంత్రానికి అట్టపెట్టెలు ఖాళీ చేసేవాడట. యాగంటి తిరునాళ్ళలో బొరుగుల పక్కన గుట్టగా పోసి అమ్మారు. అవుకు బస్సులో అదే, ట్రాక్టరులో అదే, శనగల కళ్ళంలో అదే. పెళ్ళిళ్ళలో మైకు పెట్టినా అదే. పెళ్ళిలో మొగుడూ పెళ్ళాం విడిపోయే పద్యాలేందప్పా అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

దాంతో మావైపు నాటకం ఆడే పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఒక్కో ఊరిది ఒక్కో బాణీ. పక్క ఊరి రాజు మా ఊరి రాణితో ఆడాలంటే నెలల తరబడి కూర్చొని కలుపుకోవాలి. క్యాసెట్టు వచ్చాక కొత్తపల్లె రాజు, నంద్యాల రాణి, ఇంకెక్కడి హార్మోనిస్టో, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నగా వచ్చి స్టేజి ఎక్కేవారు. "యా బాణీ అప్పా?" "క్యాసెట్ బాణీ." అంతే, రిహార్సల్ అయిపోయినట్టే. ఆ రికార్డులో రాణి వేసిన ఆమె ఏడుపు పద్యంలో రెండో పాదం తర్వాత సన్నగా దగ్గింది. పాపం ఆ రోజు ఆమెకు జలుబేమో. ఈనాటికీ మావైపు ఏ రాణి అయినా సరిగ్గా అక్కడ దగ్గుతుంది. దగ్గకపోతే జనం ఒప్పుకోరు. మొదటి క్యాసెట్టు ఒక వైపు అయిపోయే చోట రాజు మాట నడుమనే ఆగుతాడు కదా, మా ఊరి రాజులు కూడా అక్కడ ఆగి, కిరీటం సర్దుకొని, ఆ తర్వాతే మాట పూర్తి చేసేవారు.

నవ్వుతాను కానీ, ఆ క్యాసెట్టు నాకు రెండో బడి. బటన్ నొక్కడం, ఒక పాదం వినడం, ఆపడం, రాయడం, వెనక్కి తిప్పి రాసింది సరిచూసుకోవడం. నా చేతిరాత కుదురుకున్నది దాని దగ్గరే. ఆ నటులు ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. వాళ్ళకూ నా దండం.

మొదటిసారి అది మా ఇంటి ముందర పెట్టినప్పుడు వీధి అంతా వచ్చి కూర్చుంది. విడిపోయే ఘట్టం దగ్గర పడుతుంటే నాయన చొక్కా గుండీలు పెట్టుకొని సర్దుకొని కూర్చున్నాడు, స్టేజి మీదికి పిలుస్తారేమో అన్నట్టు. రాజు రాణికి సెలవు చెప్పాడు. ఆ వెంటనే హార్మోనియం రాణి ఏడుపు పద్యంలోకి పోయింది.

"పాపా, టేపు ఎగిరినట్టుండాది. ఎనక్కి తిప్పు" అన్నాడు నాయన.

తిప్పాను. సెలవు, వెంటనే ఏడుపు.

"ఓహో" అన్నాడు. అది మన అయ్యవారు కట్టింది కదా, వాళ్ళకెట్లా తెలుస్తుంది అని తనే సర్దిచెప్పుకున్నాడు. బాధపడినట్టు కూడా కనపడలేదు.

ఆ యేడు తిరునాళ్ళకు స్టేజి మీద నాయన "ఏల కన్నీరు" అని ఎత్తుకునేసరికి, హార్మోనిస్టు చేతులు అప్పటికే రాణి పద్యం మీద ఉన్నాయి. రెండు శ్రుతులు కొట్టుకున్నాయి. జనంలోంచి ఎవరో కేకేశారు.

"ఏందప్పా రాజా, క్యాసెట్లో ల్యానిది పాడతాండావ్! యాడ తెచ్చినావ్?"

అందరూ నవ్వారు. కుళ్ళుతో కాదు, సరదాకే. నాయన కూడా నవ్వాడు. పద్యం అక్కడే వదిలేసి రాణి వైపు చేయి ఎత్తి, నువ్వు ఏడువు అన్నట్టు సైగ చేశాడు. ఆ తర్వాత చాలా యేండ్లు రాజు వేషం వేశాడు, ప్రతిసారీ క్యాసెట్టు ప్రకారం. ఆ పద్యం మోటారు దగ్గర కూడా మళ్ళీ పాడలేదు. తమ్ముడు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడు ఆ పద్యం ఎప్పుడూ వినలేదు. దాని గురించి విన్నాడంతే. అందుకే వాడికి అంత పట్టుదల అనుకుంటాను.

మళ్ళీ ఈ మాఘమాసానికి వస్తాను. తమ్ముడి దగ్గరినుంచి పొద్దునా సాయంత్రం ఫోన్లు. "రాసినావా?" "రాస్తాండా." "పద్యమా, పంచాంగమా అక్కా అది?" నేను ఇల్లంతా తిరుగుతున్నాను. మడతపెట్టిన బట్టలు మళ్ళీ విప్పి మడతపెడుతున్నాను. పూజలో కూర్చుంటే స్తోత్రం నడుమ "తగ్గనీక" దూరుతోంది. స్వామీ, తప్పు నాది కాదు, ఆ పద్యానిది అని చెప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం, పద్యం నడక వేళ్ళలో ఉంది కదా అని, నాలుగో పాదం నేనే కట్టాను.

దారి చూచుచు నుండుము ధైర్యమూని.

గణాలు కుదిరాయి, యతి కుదిరింది. తలుపు వేయవద్దు, దీపం తగ్గనీయవద్దు, ధైర్యంగా దారి చూస్తూ ఉండు. ఏ రాజైనా అదే కదా చెప్తాడు. మా ఆయనకు వినిపించాను.

"బాగుండాది గదా. పంపించు, పీడ పోతాది. ఇంట్లో సాంబారుకు ఉప్పన్నా సరిగ్గా పడతాది" అన్నాడాయన.

తమ్ముడికి ఫోన్ చేసి చదివాను. 

"నాయన అట్లన్నాడా?"

నేను అవునంటే అయిపోయేది. వాడికి తెలిసే దారి లేదు, ఎవరికీ లేదు.

"లేదురా. నేను కట్టినా."

"నువ్వు కట్టింది బాగుండాదక్కా. నాకు నాయనది కావాల."

నాకు కోపం రాలేదు. వాడట్లా అన్నందుకు నిజం చెప్పాలంటే ప్రాణం కుదుటపడింది. మరునాడే, నాయన నాటకాలకు వాయించి ఇప్పుడు నంద్యాలలో ఉంటున్న పాత హార్మోనిస్టు ఇంటికి వెళ్ళాను. పెద్దవాడైపోయాడు. హార్మోనియం పెట్టె ఇంకా మంచం పక్కనే ఉంది. నేను ఎవరి కూతురినో చెప్పి, వచ్చిన పని చెప్పాను. ఆయన నా మొహం చూడకుండా పెట్టె మీద దుమ్ము తుడిచాడు.

"నన్నడగొద్దు పాపా. నా చేతులకు క్యాసెట్టు తప్ప ఏమీ గుర్తు ల్యా. మీ నాయన పద్యానికి నేను ఏం వాయించేవాణ్ణో అదీ తెల్దు." గుడ్డ పక్కన పెట్టి అన్నాడు, "రాణి మామ ఉండాడు గదా, ఆళ్ళగడ్డలో, కూతురింట్లో. ఆయప్పకు ఉండాల."

"ఆయనది రాణి ఏషం కదా, రాజు పద్యం ఎట్లొస్తాది?"

"రాజు పద్యం ముగిస్తేనే గదా రాణి ఏడ్చేది! చివరి మాట చెవిలో పడకపోతే ఎప్పుడు ఏడవాల్నో యెట్ల తెలుస్తాది?"

నిజమే. పాత నాటకాల్లో ఎవరి పద్యాలు వాళ్ళకే నేర్పేవారు. పక్కవాడి పద్యంలో చివరి మాట ఒక్కటి గుర్తుంచుకుంటారు. ఆ మాట అందగానే తనది ఎత్తుకోవాలి. నాయన దగ్గర కూర్చొని అన్ని రిహార్సల్సు చూసిన నాకు ఇది తోచలేదు చూడండి.

ఆళ్ళగడ్డ బస్సులో ఒక సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఎండ అని ఇటు మారాను, గాలి అని అటు మారాను. పక్కనున్నామె విసుక్కొని, "నువ్వు యాడన్నా ఒకచోట కూర్చోమ్మా, నాకు తల తిరగతాండాది" అంది. ఆయనకు గుర్తుంటుందా? గుర్తు లేదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు. తమ్ముడికి ఏమని చెప్పాలి? అహోబిలం ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

ఆ ఇల్లు శిల్పులు పనిచేసే వీధిలో ఉంది. రెండు వైపులా సగం చెక్కిన విగ్రహాలు, తెల్లటి రాతిదుమ్ము, ఉలుల చప్పుడు. రాణి మామ వసారాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఎండుకట్టెలా ఉన్నాడు కానీ కూర్చున్న తీరులో ఇంకా ఆ రాణి ఉంది. మోకాళ్ళు ఒక పక్కకు దగ్గరగా పెట్టి, చేతులు ఒడిలో. ఆయన పెళ్ళాం, అంటే నాకు అత్త వరస, చేటలో కందులు ఏరుతోంది. కాళ్ళకు మొక్కి విషయం చెప్పాను.

"రాజు కూతురివా!" అన్నాడు మామ. "మీ నాయన నన్ను ఎన్నితూర్లు అడివిలో వదిలి పోయినాడో!"

"వదిలిపోతే బాగుండు, మళ్ళ తెచ్చి నాకే అప్పజెప్పె" అంది అత్త. "ఈయప్ప నాకంటే ఎక్కువ చీరలు కట్టినాడు పాపా. నా పెండ్లి చీర గూడా నాటకానికే పాయె."

నేను నవ్వాను కానీ ఆగలేకపోయాను. "మామా, నాయన పద్యంలో నాలుగో పాదం కావాల. మూడే వస్తాండాయి నాకు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వీధిలో ఉలులు కొడుతూనే ఉన్నాయి.

"రమణి నీవు" అన్నాడు.

"ఆ, తర్వాత?"

"తర్వాత ల్యా. ముందర ల్యా. 'రమణి నీవు' అని పడితే నేను ఏడవాల. అంతవరకే నా లెక్క. తక్కింది మీ నాయన లెక్క."

రెండు మాటలు. వాటికోసం ఇంత దూరం. అయినా దొరికినదానికి కృతజ్ఞత చెప్పుకోవాలి కదా అని మనసులో అనుకుంటూనే కొంగుతో మొహం తుడుచుకున్నాను. అది చూశాడేమో.

"పాడు" అన్నాడు.

"నాకు మూడే..."

"ఆ మూడే పాడు."

మెల్లగా మొదలుపెట్టాను. మొదటి పాదం కాకముందే చేయి అడ్డం పెట్టాడు.

"అది పాడేదా? పిల్లిని పిలుస్తాండావా? మీ నాయన పాడితే పక్క ఊళ్ళో కుక్కలు లేసేవి. నిలబడు. ఆడగాదు, నాకు ఎడమ పక్క. రాజు ఎప్పుడూ ఈడ ఉంటాడు. ఆ... ఇప్పుడు పాడు."

నేను పరాయివాళ్ళ ముందు ఎప్పుడూ గొంతెత్తలేదు. మంగళహారతి కూడా పది మందితో కలిసి పాడడమే. ఎదురుగా వీధిలో శిల్పులు, ముందర పెద్దాయన, పక్కన అత్త. స్వామీ అనుకున్నాను. గడప పక్కన గోడను ఒక చేత్తో పట్టుకొని, నాయన ఎట్లా ఎత్తుకునేవాడో అట్లా, కడుపులోంచి ఎత్తుకున్నాను.

ఉలులు ఒక్కొక్కటే ఆగడం నాకు తెలిసింది. రెండో పాదం అయింది. మూడో పాదం "తగ్గనీక" దగ్గర రాగం తీశాను. తీస్తూ, ఎందుకో, నాయన తిరిగినట్టే రాణి వైపు తిరిగాను.

మామ తల వంచుకొని ఉన్నాడు. కుడిచేయి మెల్లగా లేచి, లేని కొంగును లాక్కొని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేయి వెనకనుంచి, పక్కవాడికి మాత్రమే వినబడే గొంతుతో, మా నాయన పలికే తీరులో అన్నాడు:

రాని రాత్రుల నిదురింపు రమణి నీవు.

అనీ అనగానే తనే ఏడుపు పద్యం ఎత్తుకున్నాడు. క్యాసెట్టుది కాదు, మా ఊరి పాత బాణీ. ఎక్కడా దగ్గు లేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆయనకు రాలేదు. ఆయన పద్యం ముగించి, కొంగు దించి, మామూలుగా చూశాడు.

"రాగం తీస్తా నా దిక్కు తిరిగేవాడు మీ నాయన. జనాలు ఈలలేసేవాళ్ళు. ఆ గోలలో నాకు ఇనపడల్ల గదా, అందుకని నా చెవి కాడికి వంగి చెప్పేవాడు. ఆ పాదం ఎవ్వరికీ పాడలేదు పాపా. నాకే చెప్పినాడు."

"సరే, ఏడ్చింది చాలు. కాఫీ తాగండి ఇద్దరూ" అంది అత్త. కందుల చేట మాత్రం ఆమె ఒళ్ళో అట్లే ఉంది. ఏరడం ఎప్పుడో ఆపేసింది.

నాలుగు పాదాలూ వరుసగా పెట్టుకొని చూశాను. తలుపు మూయవద్దు, దీపం తగ్గనీయవద్దు. నేను రాని రాత్రుల్లో నువ్వు నిద్రపో. నేను కట్టిన పాదంలో రాణి కూర్చొని దారి చూడాలి. అయ్యవారి పద్యంలో రాజు ఆమెను పడుకోమంటున్నాడు. మూడు పాదాలే తెలిసిన నేను ఇన్నేళ్ళూ ఆ పద్యం మేలుకొని ఉండమని చెబుతోందనే అనుకున్నాను. ఏమో, మా ఇంటి తలుపు గడియకు తెలియాలి ఆ సంగతి.

అక్కడే, ఆ వసారాలోనే, ఫోన్ చేతిలో పట్టుకొని నాలుగు పాదాలూ పాడి తమ్ముడికి పంపాను. మూడో పాదంలో "దీపంబు" తర్వాత గొంతు పట్టేసి, ఒక ఊపిరి ఆగవలసి వచ్చింది. మళ్ళీ పాడి పంపుదామంటే ధైర్యం చాలలేదు. కాఫీ తాగి లేచేలోపే వాడి ఫోన్.

"అక్కా! నాయన నిద్రపొమ్మన్యాడా!"

"ఊఁ."

"అబ్బా..." అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ మొహం మీద పడుతోంది, సీటు మారాలి అనుకున్నంతవరకు గుర్తుంది. "అమ్మా, దిగు. బండి డిపోకు పోవల్ల" అని కండక్టర్ లేపితే చూశాను, నంద్యాల బస్టాండు. బస్సులో నేనొక్కదాన్నే ఉన్నాను.

తిరునాళ్ళ నాడు ఊరికి వెళ్ళాము. ఇప్పుడు నాటకాలు దీపాలు పెట్టే వేళకే మొదలుపెట్టేస్తున్నారు. రాణిగా వేసే ఆమె నంద్యాల నుంచి కారులో వచ్చింది. "యా బాణీ అన్నా?" అని అడిగితే తమ్ముడు, "క్యాసెట్టే. ఒక్కచోట తప్ప. 'రమణి నీవు' అని పడేదాంక నువ్వు ఏడవొద్దమ్మా" అని చెప్పాడు. కొత్త హార్మోనిస్టుకు కూడా నాలుగుసార్లు చెప్పాడు. అయినా నాకు నమ్మకం లేదు. చేతులు నేర్చింది చేతులకే తెలుసు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చోలేక, పందిరి గుంజ దగ్గర నిలబడ్డాను. కూర్చోమ్మే అని వెనకనుంచి ఎవరో కొంగు లాగుతున్నారు.

రాజు సెలవు చెప్పాడు. హార్మోనియం ఒక్క క్షణం రాణి పద్యం వైపు పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది. తమ్ముడు ఎత్తుకున్నాడు.

గొంతు నాయనది కాదు, కొంచెం బరువు తక్కువ. కానీ ఎత్తు అదే. మూడో పాదంలో "దీపంబు" అన్నాడు, ఒక ఊపిరి ఆగాడు. నా ఊపిరి. నేను గుంజను పట్టుకున్నాను. "తగ్గనీక" అని రాగం తీశాడు. ఒక్క ఈల లేదు. చప్పట్లూ లేవు. ఈ పద్యం క్యాసెట్లో లేదు కదా, ఎక్కడ ఈల వేయాలో ఎవరికీ తెలియదు. బొరుగులు నములుతున్న పిల్లలు కూడా నోరు ఆపారు. ఆ నిశ్శబ్దంలో నాలుగో పాదం ఊరు మొత్తానికీ వినబడింది.

రాణి ఏడ్చింది. రెండో పాదం తర్వాత దగ్గింది కూడా.

"అప్పా, ఇది క్యాసెట్లో ల్యాదే!" అని వెనకనుంచి ఒక గొంతు.

"ల్యాదులే. నోర్మూసుకొని ఇను" అని ఇంకో గొంతు. ఆ వెంటనే ఆ గొంతే మళ్ళీ, "ఒన్స్‌మోర్!"

రాణి కళ్ళు తుడుచుకొని, పాపం, మళ్ళీ ఏడవడానికి సిద్ధంగా నిలబడింది. తమ్ముడు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి పందిట్లో చాలా ఫోన్లు పైకి లేచాయి. చిన్న చిన్న తెరల మీద చిన్న చిన్న రాజులు. వాడు "దీపంబు" దగ్గర మళ్ళీ సరిగ్గా అంతే ఆగాడు.

అక్కడ ఆగవలసిన పని లేదు. నాయన ఆగేవాడు కాదు. నాటకం అయ్యాక తమ్ముడికి చెప్దామనుకున్నాను. వాడు రంగు కడుక్కుంటూ, "ఆడ ఆగినావు చూడక్కా, నాకు ప్రాణం పోయింది" అన్నాడు. ఇంకా చెప్పలేదు.